నిర్వచనం నోటికి వచ్చింది, మరి అర్థం?

మనోవిజ్ఞానశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో, గైడుల్లో చాలావాటికి అధ్యాయం చివర ఒక పట్టిక ఉంటుంది. ముఖ్యమైన పదాలు ఎడమవైపు, వాటి నిర్వచనాలు కుడివైపు. అభ్యసనం అంటే ఇది, పునర్బలనం అంటే ఇది, ప్రజ్ఞాలబ్ధి అంటే ఇది అని ఒక్కో పదానికి ఒక్కో వాక్యం. ఒక్కో వాక్యానికి ఒక మార్కు. ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులే కాదు, ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నవాళ్లూ, టెట్ రాయబోయేవాళ్లూ పరీక్షకు ముందురోజు రాత్రి తిరగేసేది ఈ పట్టికనే. పుస్తకం మరిచిపోయినా చివరికి గుర్తుండిపోయేది కూడా ఇదే.

ఈ పట్టికలు అబద్ధాలు చెబుతున్నాయని నేను అనడంలేదు. వాటిలోని వాక్యాలు చాలావరకు సరైనవే. అయితే వాక్యం సరిగ్గా ఉన్నా చదివినవారి మనసులో తప్పు అర్థం నిలబడిపోయే ప్రమాదం ఉంది. మనోవిజ్ఞానంలో ఈ ప్రమాదం మిగతా శాస్త్రాలలోకన్నా ఎక్కువ. ఎందుకో చూద్దాం.

ఇంటి మాటలు, శాస్త్రం మాటలు

భౌతికశాస్త్రంలో 'త్వరణం' అనే మాట ఉంది. రైతుబజారులోనో, పెళ్లిపందిట్లోనో మీరు ఆ మాట ఎప్పుడూ విని ఉండరు. అందువల్ల మాస్టారు ఏ అర్థం చెబితే ఆ అర్థమే మీ బుర్రలోకి వెళుతుంది. అక్కడ అప్పటికే కూర్చుని ఉన్న పాత అర్థమేదీ లేదు.

మనోవిజ్ఞానం మాటల సంగతి అలా కాదు. ప్రేరణ, ప్రజ్ఞ, శిక్ష, స్మృతి, ఉద్వేగం - ఇవన్నీ మనం పుట్టినప్పటినుంచీ వింటున్నవే. శాస్త్రం వీటికి కొత్త అర్థం ఇచ్చినా పాత అర్థం ఇల్లు ఖాళీచేయదు. పరీక్షలో కొత్త అర్థం రాస్తాం, బయటికొచ్చి పాత అర్థంతో ఆలోచిస్తాం.

మరి శాస్త్రంలో నిర్వచనం చేయవలసిన పని ఏమిటి? అమెరికన్ భౌతికశాస్త్రజ్ఞుడు పెర్సీ బ్రిడ్జిమన్ 1927లో దీనికి ఒక దారి చూపించాడు. ఒక భావనకు అర్థం దాన్ని కొలవడానికి మనం చేసే పనుల్లోనే ఉందన్నాడాయన. దీన్ని ప్రక్రియాత్మక నిర్వచనం అంటారు. మనోవిజ్ఞానులు దీన్ని ఎంతో ఇష్టంగా అందిపుచ్చుకున్నారు. 'ఆకలి అంటే ఆహారం కోసం కలిగే తపన' అని చెబితే అది నిఘంటువు అర్థం. 'ఈ ఎలుకకు 22 గంటలుగా ఆహారం పెట్టలేదు' అని చెబితే ఇంకొక ప్రయోగశాలలో ఇంకొకరు అదే ఆకలిని తయారుచేసి చూడగలరు. అంటే ప్రతి మంచి నిర్వచనం వెనకా ఒక ప్రయోగమో, ఒక కొలతో దాగి ఉంటుంది. పట్టికలో ఆ ప్రయోగం ఊడిపోయి వాక్యం ఒక్కటే మిగులుతుంది. ఆ ఖాళీలోకి ఇంటి అర్థం వచ్చి కూర్చుంటుంది.

కొన్ని ఉదాహరణలు తీసుకుందాం.

'శాస్త్రీయ' నిబంధనంలో శాస్త్రం ఎంత?

రష్యన్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్‌లోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు మీకు తెలిసినవే. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు. ఆ పరిశోధనలోనే ఆహారం నోట్లో పడకముందే కుక్కకు లాలాజలం ఊరుతోందని గమనించాడు. మెట్రోనోమ్ టిక్కుటిక్కుమనే శబ్దం వినిపించి వెంటనే ఆహారం పెట్టడం, ఇలా పదేపదే చేశాక, శబ్దం ఒక్కటి వినిపించినా లాలాజలం ఊరడం - ఇదీ ప్రయోగం. దీన్ని ఇంగ్లీషులో క్లాసికల్ కండిషనింగ్ అన్నారు. తెలుగులో 'శాస్త్రీయ నిబంధనం' అయింది.

ఇక్కడ 'శాస్త్రీయ' అన్న మాట చూడండి. శాస్త్రీయ సంగీతం అన్నప్పుడు ఆ మాటకు సంప్రదాయసిద్ధమైనది అని అర్థం. శాస్త్రీయ దృక్పథం అన్నప్పుడు సైన్సుకు సంబంధించినది అని అర్థం. క్లాసికల్ అన్నది మొదటి అర్థంలోనిది. పావ్‌లోవ్ చూపినది మొదటిది, పాతది కాబట్టి, తరువాత వచ్చిన పద్ధతులనుంచి వేరుచేయడానికి పెట్టిన పేరు. కానీ సైన్సు పుస్తకంలో ఈ మాట చదివే విద్యార్థికి తట్టేది రెండవ అర్థమే. అప్పుడు స్కిన్నర్ చెప్పిన కార్యసాధక నిబంధనం శాస్త్రీయం కాదా అన్న అనుమానం రావాలి. రాకపోతే ఆ మాట గురించి ఆలోచించలేదన్నమాట.

ఇంకొక మాట: అయత్నసిద్ధ స్వాస్థ్యం. శబ్దం వినిపించి ఆహారం పెట్టడం మానేస్తే కుక్కలో లాలాజలం క్రమంగా తగ్గిపోతుంది. దీన్ని విరమణ అంటారు. కొంత విరామం ఇచ్చి మళ్లీ శబ్దం వినిపిస్తే, తగ్గిపోయిన లాలాజలం మళ్లీ కొంత కనిపిస్తుంది. ఇదే అయత్నసిద్ధ స్వాస్థ్యం. ఇంగ్లీషులోని 'రికవరీ'కి రోగం నయం కావడం అనే అర్థం ఉంది కాబట్టి స్వాస్థ్యం వచ్చింది. కానీ ఇక్కడ కుక్కకు జబ్బేమీ లేదు, నయమైనదేమీ లేదు. పోయిందనుకున్న ప్రతిస్పందన దానంతట అదే తిరిగి రావడమే అసలు విషయం. ఇది చిన్న విషయం కాదు. విరమణ అంటే నేర్చుకున్నది చెరిగిపోవడం కాదు, అణగి ఉండడం అని చెప్పే సాక్ష్యం ఇదే. మానుకున్న భయం కొంతకాలానికి మళ్లీ తల ఎత్తితే, చికిత్స వృథా అయిందని నిరాశపడనక్కరలేదని కూడా ఇది చెబుతుంది. 'స్వాస్థ్యం' అన్న మాట చాటున ఇంత విషయమూ దాగిపోయింది.

అన్నీ లోపాలే అనుకోవద్దు. 'నిబంధన' అన్నది చక్కటి ఎంపిక. పావ్‌లోవ్ రష్యన్‌లో వాడిన 'ఉస్లోవ్నీ' అన్న మాటకు 'షరతుకు లోబడిన' అని అర్థం. శబ్దం వెనక ఆహారం వస్తుందన్న షరతు ఉన్నంతవరకే ఆ ప్రతిస్పందన నిలుస్తుందని ఆయన భావం. ఇంగ్లీషు అనువాదంలో అది 'కండిషన్డ్' అయింది. అంటే తర్ఫీదు పొందిన, అలవాటు చేయబడిన అనే ఛాయ వచ్చింది. తెలుగులో నిబంధన అంటే షరతే కదా! ఈ ఒక్కచోట మనం ఇంగ్లీషు మీదుగా వెళ్లి కూడా రష్యన్‌కే దగ్గరగా చేరాం.

'ప్రతికూల' అంటే చెడ్డదా, తీసివేతా?

పట్టికల్లో విద్యార్థులు అన్నిటికన్నా ఎక్కువగా తడబడే పదం బహుశా ఇదే. బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకలను ఒక పెట్టెలో ఉంచి, అవి మీట నొక్కినప్పుడు ఏం జరిగితే ఎక్కువసార్లు నొక్కుతాయో పరిశీలించాడు. ఒక ప్రవర్తన తరువాత జరిగినదాని వల్ల ఆ ప్రవర్తన పెరిగితే దాన్ని పునర్బలనం అంటారు. ఆహారం వచ్చినందువల్ల నొక్కడం పెరిగితే పాజిటివ్ పునర్బలనం. గచ్చులోనుంచి వస్తున్న స్వల్ప విద్యుత్ ఘాతం మీట నొక్కగానే ఆగిపోయి, అందువల్ల నొక్కడం పెరిగితే నెగెటివ్ పునర్బలనం.

ఈ 'నెగెటివ్'కు తెలుగులో రెండు దారులున్నాయి. 'ప్రతికూల' అని రాయవచ్చు, 'రుణాత్మక' అని రాయవచ్చు. ప్రతికూల అనగానే మనకు ప్రతికూల వాతావరణం, ప్రతికూల తీర్పు గుర్తొస్తాయి. అంటే చెడ్డది, గిట్టనిది. వెంటనే విద్యార్థి దాన్ని శిక్షతో జతకడతాడు. రుణాత్మక అంటే మాత్రం ఏడవ తరగతి లెక్కల పుస్తకంలోని రుణ సంఖ్యలు గుర్తొస్తాయి. ఇక్కడ కావలసినది ఆ అర్థమే. మైనస్ గుర్తు. పరిస్థితిలోనుంచి ఏదో ఒకటి తీసివేయబడింది, అంతే. మంచిచెడ్డల ప్రసక్తి లేదు.

రెండే ప్రశ్నలు వేసుకోండి. ఒకటి: ప్రవర్తన తరువాత ఏదైనా వచ్చి చేరిందా, ఉన్నది తొలగిందా? చేరితే ధన, తొలగితే రుణ. రెండు: దానివల్ల ఆ ప్రవర్తన పెరిగిందా, తగ్గిందా? పెరిగితే పునర్బలనం, తగ్గితే శిక్ష. రోహిణీ కార్తె ఎండలో వట్టికాళ్లతో వీధిలోకి వచ్చారు. కాళ్లు కాలాయి. చెప్పులు వేసుకున్నారు, కాలడం ఆగింది. మర్నాడు చెప్పులు మరిచిపోలేదు. చెప్పులు వేసుకోవడమనే ప్రవర్తన పెరిగింది, మంట తొలగింది. ఇది రుణాత్మక పునర్బలనం. ఇందులో మిమ్మల్ని ఎవరూ శిక్షించలేదు.

ఈ గందరగోళం మన ఒక్కరిదే కాదన్నది గమనించదగ్గ విషయం. స్కిన్నరే 1938లో వెలువరించిన తన గ్రంథంలో నెగెటివ్ పునర్బలనం అన్న మాటను ఇప్పుడు మనం శిక్ష అంటున్నదానికి వాడాడు. 1953 నాటి పుస్తకంలో అర్థం మార్చుకున్నాడు. 1975లో జాక్ మైకేల్ అనే మనోవిజ్ఞాని అసలు పాజిటివ్, నెగెటివ్ అన్న విభజనే అవసరంలేదని వాదించాడు. పట్టికలో రాతిమీద చెక్కినట్టు కనిపించే వాక్యానికి ఇంత చరిత్ర ఉంది. నిర్వచనాలు ఆకాశంనుంచి ఊడిపడవు. మనుషులు చేస్తారు, పొరపాటు తెలిస్తే దిద్దుకుంటారు.

బెత్తం ఎవరికి నేర్పుతోంది?

ఒక పదం తారుమారైతే ఏం కొంప మునిగింది అంటారా? టెట్ పరీక్షలో 150 ప్రశ్నలుంటే 30 శిశు వికాసానికి, బోధనకు సంబంధించినవి. ఆ 30 ప్రశ్నలు దాటినవారు రేపు నలభైమంది పిల్లల ముందు నిలబడతారు. శిక్ష కూడా ఒకరకం పునర్బలనమేనని, అంటే అదీ నేర్చుకోవడాన్ని బలపరుస్తుందని అనుకుని తరగతిలోకి వెళితే ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది పిల్లలు.

నిర్వచనం ప్రకారం శిక్ష ఒక ప్రవర్తనను తగ్గిస్తుంది. ఏది చేయకూడదో చెబుతుంది, ఏది చేయాలో చెప్పదు. ఎక్కాలు అప్పజెప్పలేదని కొడితే ఎక్కాలు రావు. పిల్లవాడు ఆ పీరియడుకు రాకుండా కడుపునొప్పి అంటాడు. బడికి వెళ్లనక్కరలేకపోతే భయం తొలగుతుంది, మర్నాడు కడుపునొప్పి మళ్లీ వస్తుంది. ఇప్పుడు రుణాత్మక పునర్బలనం పొందింది ఏది? కడుపునొప్పి సాకు!

ఇంకో కోణంనుంచీ చూడండి. తరగతి గోలగా ఉంది. మాస్టారు ఒకరిని కొట్టారు. గోల వెంటనే ఆగింది. ఆయనకు ఇబ్బందిగా ఉన్నది తొలగిపోయింది. రేపు గోల మొదలైనప్పుడు ఆయన చెయ్యి మళ్లీ లేస్తుంది. అంటే బెత్తం పిల్లలకు పాఠం నేర్పిందో లేదో గాని, మాస్టారికి కొట్టడం నేర్పింది. పనిచేయని పద్ధతి ఎందుకు తరతరాలుగా నిలిచి ఉందో ఈ ఒక్క పదం విప్పిచెబుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం 2010 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చింది. చట్టం చెయ్యిని ఆపుతుంది. ఆ చెయ్యి ఎందుకు లేస్తోందో తెలియాలంటే ఈ నిర్వచనం కావాలి.

అలాగే, తిట్టు ఎప్పుడూ శిక్షేనన్న గ్యారంటీ కూడా లేదు. 1968లో మాడ్సెన్, బెకర్, వారి సహచరులు అమెరికాలో ఒకటవ తరగతి గదుల్లో ఒక పరిశీలన చేశారు. 'కూర్చోండి' అని టీచర్లు ఎక్కువసార్లు గదమాయించినకొద్దీ లేచి నిలబడే పిల్లలు ఎక్కువయ్యారు. కుదురుగా కూర్చున్నవారిని మెచ్చుకున్నప్పుడు నిలబడేవారు తగ్గారు. గదమాయింపు కూడా టీచరు దృష్టి తమమీద పడడమే కదా! టీచరు ఉద్దేశం ఏమిటన్నది కాదు, ప్రవర్తన పెరిగిందా తగ్గిందా అన్నదే నిర్వచనంలోని ప్రాణం. పట్టిక చదివినవారికి ఈ ప్రాణమే అందడంలేదు.

లబ్ధి లేని ప్రజ్ఞాలబ్ధి

'మానసిక వయస్సును శారీరక వయస్సుతో భాగించి 100తో గుణిస్తే ప్రజ్ఞాలబ్ధి వస్తుంది.' ఈ సూత్రం రానివారు ఉండరు. 8 ఏళ్ల పాప 10 ఏళ్ల పిల్లల స్థాయి ప్రశ్నలకు జవాబు చెబితే 10ని 8తో భాగించి 100తో గుణిస్తాం, 125 వస్తుంది. లెక్క సులువు. అయితే ఈ సూత్రం ప్రకారం ఇప్పటి ప్రధానమైన పరీక్షలేవీ లెక్కకట్టవన్న మాట పక్కన రాసి ఉండాలి కదా?

ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సీమోన్ 1905లో మొదటి పరీక్ష తయారుచేశారు. బడిలో వెనకబడి, ప్రత్యేక సహాయం కావలసిన పిల్లలను గుర్తించడం వారి ఉద్దేశం. ప్రజ్ఞ మారని వస్తువన్న అభిప్రాయాన్ని బినే వ్యతిరేకించాడు. ఆయన 1911లో చనిపోయాడు. భాగహారం చేసే ఆలోచన 1912లో జర్మనీకి చెందిన విలియం స్టెర్న్‌ది. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ దాన్ని వ్యాప్తిలోకి తెచ్చాడు.

చిక్కు ఎక్కడంటే, వయస్సు పెరుగుతూనే ఉంటుంది గాని పరీక్షలో మార్కులు యౌవనంలో ఒక స్థాయికి వచ్చి నిలుస్తాయి. మానసిక వయస్సు 16 దగ్గర ఆగితే 32 ఏళ్లు వచ్చేసరికి ఆ మనిషి ప్రజ్ఞాలబ్ధి 50 అయిపోవాలి. ఇది అసంబద్ధం. అందుకని పెద్దలందరి వయస్సునూ 16గానే లెక్కకట్టే సర్దుబాటు చేశారు. 1939లో డేవిడ్ వెక్స్‌లర్ భాగహారాన్నే వదిలేశాడు. మీ వయస్సువారి సగటును 100గా తీసుకుని, మీరు ఆ సగటుకు ఎంత ఎడంగా ఉన్నారో చెప్పే పద్ధతి పెట్టాడు. ఇందులో ప్రతి 100 మందిలో సుమారు 68 మంది 85కూ 115కూ మధ్య ఉంటారు. 1960లో స్టాన్‌ఫర్డ్-బినే పరీక్ష కూడా ఈ దారికే వచ్చింది. సంస్కృత గణితంలో భాగహారానికి వచ్చే జవాబు లబ్ధి. భాగహారం పోయింది, లబ్ధి మిగిలింది. ఇంగ్లీషులోనూ ఇదే పరిస్థితి. విద్యార్థికి మాత్రం పోయిన భాగహారాన్నే నేర్పుతున్నాం.

దీనివల్ల నష్టమేమిటి? భాగహారంతో వచ్చిన అంకె ఎత్తు, బరువులాగ మనిషిలో ఉన్న పదార్థంలా కనిపిస్తుంది. నిజానికి అది పోలిక, ఒక గుంపులో మీ స్థానం. గుంపు మారితే స్థానం మారుతుంది. మన దేశంలో సి.ఎం. భాటియా 1955లో వెలువరించిన పరీక్షల్లో చదువుకున్న పిల్లలకూ చదువులేని పిల్లలకూ ప్రమాణాలు విడివిడిగా ఇచ్చాడు. 1984లో జేమ్స్ ఫ్లిన్ అమెరికన్ల మార్కులు దశాబ్దానికి సుమారు 3 పాయింట్ల చొప్పున పెరిగాయని చూపాడు. అంటే నిన్నటి 100, నేటి 100 ఒకటి కావు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మేధో వైకల్యాన్ని చెప్పేటప్పుడు ఆలోచనాశక్తితోపాటు రోజువారీ జీవితంలో నెగ్గుకురాగల నేర్పునూ లెక్కలోకి తీసుకుంది. గైడుల్లో మాత్రం ఫలానా అంకె దాటితే మేధావి, ఫలానా అంకెకు దిగితే మందబుద్ధి అన్న పట్టీలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

గుండ్రంగా తిరిగే జవాబులు

'వాడెందుకు చదవడంలేదు?' 'ప్రేరణ లేదు.' 'ప్రేరణ లేదని ఎలా తెలుసు?' 'చదవడంలేదు కదా!' గానుగెద్దులాగ బయలుదేరినచోటికే వచ్చాం. ప్రవర్తనకు ఒక పేరు పెట్టి, ఆ పేరునే కారణంగా చూపాం. పరీక్షలో మార్కులు తక్కువ వచ్చింది ప్రజ్ఞ తక్కువ కాబట్టి, ప్రజ్ఞ తక్కువని తెలిసింది మార్కులు తక్కువ వచ్చాయి కాబట్టి - ఇదీ అదే గానుగ.

ఇందులోంచి బయటపడే దారి మొదట్లో చెప్పుకున్న ఎలుక దగ్గరే ఉంది. 22 గంటల ఆకలి అన్నది ఎలుక పరుగును చూసి చెప్పినది కాదు, పరుగుకు ముందే మనం విడిగా కొలిచినది. కాబట్టి ఆకలి వల్ల వేగం పెరుగుతుందని ఊహించవచ్చు, ఊహ తప్పితే ఒప్పుకోవచ్చు. తప్పే అవకాశమే లేని వివరణ శాస్త్రంలో వివరణ కాదు.

మరి ఏం చేయాలి?

తెలుగులో ఉన్నత విద్య పుస్తకాలు తేవడానికి 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన నాటినుంచీ ఎందరో అధ్యాపకులు, అనువాదకులు ఈ పరిభాష కోసం శ్రమించారు. 'యత్నదోష పద్ధతి' వంటి మాటలు వింటే ఇంగ్లీషు అవసరమే అనిపించదు. ఆ శ్రమను తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. పదాలు మార్చుకుంటూ కూర్చుంటే ఇంకో గందరగోళం పుడుతుంది. పట్టికలో ప్రతి నిర్వచనం కింద ఒక్క ప్రయోగం, ఒక్క ఇంటి ఉదాహరణ చేరిస్తే చాలు. రచయితలనూ ప్రచురణకర్తలనూ నేను అడిగేది ఇంతే.

వారు చేర్చేదాకా మీరు చేయగలిగింది ఉంది. ఏ నిర్వచనం కనిపించినా మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఏ ప్రయోగంలోనుంచి పుట్టింది? ఏది కనిపిస్తే 'ఇది అదే' అనాలి, ఏది కనిపిస్తే 'కాదు' అనాలి? ఇంట్లో ఈ మాటకున్న అర్థానికీ దీనికీ తేడా ఏమిటి?

ఒకసారి కలిసి చేద్దాం. 'అనుభవం వల్ల ప్రవర్తనలో వచ్చే, కొంతకాలం నిలిచే మార్పే అభ్యసనం' అంటారు. 1930లో టోల్మన్, హొన్‌జిక్ కొన్ని ఎలుకలను పదిరోజులు ఆహారమేమీ పెట్టకుండా చిక్కుదారుల్లో తిరగనిచ్చారు. వాటి తప్పులు పెద్దగా తగ్గలేదు. పదకొండవ రోజున గమ్యం దగ్గర ఆహారం పెట్టారు. పన్నెండవ రోజుకల్లా అవి మొదటినుంచీ ఆహారం దొరికిన ఎలుకలతో సమానంగా పరుగెత్తాయి. అంటే ఆ పదిరోజులూ అవి దారి నేర్చుకుంటూనే ఉన్నాయి, పైకి కనిపించలేదంతే. నిర్వచనం ప్రకారం ఆ పదిరోజుల్లో అభ్యసనం జరిగిందా, లేదా? ఈ చిక్కు వల్లనే తరువాత చాలామంది 'ప్రవర్తనలో మార్పు' అన్నచోట 'ప్రవర్తించగల శక్తిలో మార్పు' అని దిద్దుకున్నారు.

మీ పుస్తకం తీసి ఆ నిర్వచనం ఏ రూపంలో ఉందో చూడండి. పాత రూపంలోనే ఉంటే పక్కన పెన్సిలుతో 'టోల్మన్, 1930' అని రాసుకోండి. మీ మాస్టారితో ఆ విషయం చర్చించండి. నేర్చుకున్నదంతా మార్కుల్లో కనిపించదని ఒక ఎలుక తేల్చిచెప్పింది కాబట్టి, పరీక్ష సరిగ్గా రాయలేకపోయిన మీ స్నేహితుడికి కూడా ఈ సంగతి చెప్పండి.